బడిపిల్లల పాటలు, ప్రైవేటు రికార్డులు

‘ప్రైవేటు రికార్డు’ అనే మాటకు తెలుగులో ఒక అర్థం స్థిరపడి ఉన్నది. సినిమాలోనిది కాకుండా, గ్రామఫోను కంపెనీవారు కవిచేత వ్రాయించి, గాయకునిచేత పాడించి, అంగళ్ళలో అమ్మిన పాట మనకు ప్రైవేటు పాట. టంగుటూరి సూర్యకుమారి పాడిన ‘మా తెలుగు తల్లికి’, సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి పాడిన లలితగీతాలు, ఘంటసాల కంఠంలో ఇంటింటా వినవచ్చిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఈ పేరుతోనే చెలామణి అయినవి. ఇంగ్లండులోను, అమెరికాలోను ఇదే మాటకు అర్థం వేరు. అక్కడ ప్రైవేటు రికార్డు అంటే అంగడికి రానిది. ఒక బడిగాని, చర్చిగాని, కుటుంబంగాని తమ సొమ్ము తాము చెల్లించి, తమకు కావలసిన కొద్ది ప్రతులు మాత్రమే చేయించుకొన్నది. మన ప్రైవేటు పాట అంగడి కోసం పుట్టినది. వారిది అంగడితో నిమిత్తం లేకుండా పుట్టినది. ఒకే మాట రెండుచోట్ల ఇట్లా ఎదురుబొదురు అర్థాలు మోయడం అనువాదకులకు కొత్త కాదు. ఐతే ఈ భేదం వెనుక ఒక చరిత్ర ఉన్నది. ఒక తరం తెలుగు బడిపిల్లల గొంతులు మనకు ఇంత అరుదుగా ఎందుకు మిగిలినవో ఆ చరిత్ర కొంత చెబుతుంది.

ముందుగా ఆ విదేశీ రికార్డుల పుట్టుక సంగతి. 1948లో కొలంబియా కంపెనీవారు లాంగ్ ప్లే రికార్డును, మరుసటి సంవత్సరం ఆర్.సి.ఎ. విక్టర్‌వారు నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డును ప్రవేశపెట్టినారు. అంతవరకు లక్కతో చేసిన 78 చుట్ల ప్లేటు ఒక్కొక్క వైపు మూడు నాలుగు నిమిషాలకు మించి పలికేది కాదు. బడి వార్షికోత్సవంలో పిల్లలు పాడిన పాటలన్నీ పట్టవలెనంటే అటువంటివి కట్టకట్టవలసి వచ్చేది. లాంగ్ ప్లే ఆ చిక్కును తీర్చినది. రెండవ చిక్కు స్టూడియో. దానిని టేపు రికార్డరు తీర్చినది. ఒక మనిషి మోయగల యంత్రం, రెండు మైకులు ఉంటే చాలు, పాఠశాల ప్రార్థనామందిరమే స్టూడియో అయినది. ఆ టేపులోని ధ్వనిని మొదట లక్క వంటి పూత గల అల్యూమినియం పలక మీద గాళ్ళుగా చెక్కుతారు. దానికి వెండి పూత, దానిమీద నికెలు పూత పెట్టి ఒలిస్తే గాళ్ళకు బదులు గట్లు గల లోహపు అచ్చు వస్తుంది. ఆ అచ్చునుంచి మరొకటి, దానినుంచి ఇంకొకటి తీసి, చివరి అచ్చుతో వేడి వినైలు ముద్దను అదిమితే రికార్డు. అచ్చు తయారుచేయడానికే ఖర్చు అధికం. ప్రతి ఒక్కటికి అయ్యేది స్వల్పం. పుస్తకం అచ్చువేయించుకొన్న ప్రతి తెలుగు రచయితకూ ఈ లెక్క తెలిసినదే.

పుస్తకాల విషయంలో మనకు లేని ఒక విచిత్రం ఇంగ్లండులో ఉండేది. అక్కడ రికార్డుల మీద కొనుగోలు పన్ను ఉండేది. నూరు ప్రతుల లోపు చేయించుకొంటే ఆ పన్ను పడేది కాదు. కాబట్టి అరవైలలో ఆంగ్ల పాఠశాలలు, కళాశాలలు చేయించుకొన్న రికార్డులలో పెక్కింటికి సరిగ్గా 99 ప్రతులే ఉన్నవి. నేడు వాటిని ‘అపూర్వం, దుర్లభం’ అని వర్ణించేవారు ఆ దుర్లభత్వం కళాకారుని ఆలోచన కాదనీ, సుంకపు గుమాస్తాకు భయపడి వేసిన సంఖ్య అనీ గుర్తుపెట్టుకోవడం మంచిది.

అమెరికాలో ఈ పని వ్యాపారంగానే పెరిగినది. కాలిఫోర్నియాలో నెలకొన్న సెంచురీ రికార్డ్స్ అనే సంస్థ ఊరూరా ప్రతినిధులను నియమించి, హైస్కూలు బ్యాండులను, బృందగానాలను టేపుపై పట్టి రికార్డులుగా చేసి ఇచ్చేది. ఆర్.సి.ఎ. కంపెనీకి కూడా ఇటువంటి పనికి ప్రత్యేక శాఖ ఉండేది. సంవత్సరాంతాన తరగతి ఛాయాచిత్రం వచ్చినట్లే రికార్డు కూడా వచ్చేది. తల్లిదండ్రులు ఒకసారి విని, బీరువా అడుగున పెట్టేవారు. అందువలన ఆ రికార్డులు అరగలేదు. ఈ సేకరణలో మొదట గమనించవలసిన సంగతి ఇది: సినిమాపాటల రికార్డు దొరికితే తరచు ముల్లు గీరి గీరి గాళ్ళు తెల్లబడి ఉంటుంది, బడి రికార్డు దొరికితే చాలావరకు నున్నగా ఉంటుంది.

వీటిలో ఉన్నదంతా పసితనపు వచ్చీరాని పాటే అని భావించడం పొరపాటు. బెంజమిన్ బ్రిటెన్ వంటి స్వరకర్త తన సోదరుడు నడుపుతూ ఉండిన బడిపిల్లల కోసం 1933–35 మధ్య ‘ఫ్రైడే ఆఫ్టర్నూన్స్’ అనే పాటల సంపుటిని కూర్చినాడు. 1958లో ఆయన రచించిన ‘నోయీస్ ఫ్లడ్’ అనే సంగీతరూపకంలో పాత్రధారులు, వాద్యగాండ్రు అధికసంఖ్యాకులు బాలబాలికలే. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ పిల్లల కోసం ఒక సంగీత శిక్షణపద్ధతినే నిర్మించినాడు. అటువంటి కూర్పులను అనామకులైన ఉపాధ్యాయులు తమ తరగతికి అనుగుణంగా మార్చుకొని పాడించిన తీరు ఈ 99 ప్రతులలో వినబడుతుంది. ప్రసిద్ధ గాయకుల రికార్డు ఆ కృతి ఎట్లా పాడవలెనో చెబుతుంది. బడి రికార్డు ఆ కృతి నిజంగా జనంలోకి ఎట్లా వెళ్ళినదో చెబుతుంది. సాహిత్య చరిత్రకారుడు రెండవదానిని నిర్లక్ష్యం చేయరాదు.

ఢిల్లీలో పాత రికార్డులకు పేరుపొందిన చోట్లు పాతనగరంలో ఉన్నవి. దరియాగంజ్ కాలిబాటల మీద ఆదివారాలలో సాగిన పాత పుస్తకాల సంత 2019లో మహిళాహాట్‌కు తరలిపోయినది. నేను నివసించే కరోల్ బాగ్‌కు ఆ ప్రతిష్ఠ లేదు. కాని దేశవిభజన తరువాత వచ్చిన పంజాబీ కుటుంబాలు, కేంద్ర ప్రభుత్వోద్యోగాల కోసం వచ్చిన దక్షిణాదివారు పక్కపక్క వీధులలో కాపురం ఉన్న పేట కావడం వలన ఇక్కడ ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు బయటపడే సామగ్రి చిత్రంగా ఉంటుంది. పాత కాగితాలు తూకానికి కొనే కబాడీవానికి రికార్డు అనేది తూగని వస్తువు, అమ్ముడుపోని వస్తువు. అందుచేత పక్కన పడవేస్తాడు. అట్లా పడవేసిన దొంతిలో ముకేశ్ పాటలకూ, ఒక తమిళ భక్తిగీతాల రికార్డుకూ నడుమ నాకు ఒక ఆంగ్ల బాలుర పాఠశాల రికార్డు దొరికినది. ఎవరో అక్కడ చదివినవారో, చదువు చెప్పినవారో పెట్టెలో పెట్టుకొని తెచ్చి ఉంటారు. తెల్లని లేబుల్ మీద టైపు చేసిన నాలుగు పంక్తులు, అట్ట వెనుక రోనియో కాగితం అంటించి దానిమీద ముప్పైమంది పిల్లల పేర్లు. ఒక పేరు కింద ఎవరో సిరాతో గీత గీసినారు. మూడవ పాట మధ్య ఒక పిల్లవాడు దగ్గినాడు. పియానో వాయించేవారు అరక్షణం ఆగి మళ్ళీ అందుకొన్నారు. వ్యాపార రికార్డులో ఐతే ఆ దగ్గు ఉండేది కాదు. దానిని తీసివేయడానికే అక్కడ జీతగాండ్రు ఉంటారు.

ఇటువంటి వస్తువుకు విలువ ఎప్పుడు ఏర్పడినది? రెండు ఉదాహరణలు చాలు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు లాంగ్లీ ప్రాంతంలో హాన్స్ ఫెంగర్ అనే ఉపాధ్యాయుడు 1976–77లో పల్లెబడుల పిల్లలచేత బీచ్ బాయ్స్, డేవిడ్ బౌవీ మొదలైనవారి జనప్రియగీతాలను వ్యాయామశాలలో పాడించి, రెండు రికార్డులుగా చేయించి ఆ కుటుంబాలకే పంచినాడు. అరవైలు గడచిన తరువాతి మాటే ఐనా పద్ధతి అదే. పాతిక సంవత్సరాలకు ఒక సేకర్త చేతికి ప్రతి చిక్కి, 2001లో అది సి.డి.గా ప్రపంచమంతటా వెలువడినది. అమెరికాలో హ్యూస్టన్ నగరపు కాష్మియర్ హైస్కూలులో కాన్రాడ్ జాన్సన్ అనే సంగీతోపాధ్యాయుడు నీగ్రో విద్యార్థులతో ఒక బ్యాండును తీర్చిదిద్ది, 1960ల చివరినుండి కొన్ని రికార్డులు చేయించినాడు. అవి 2006లో పునర్ముద్రితమైనవి. ఆ పునర్ముద్రణ తరువాత, నడివయస్సు దాటిన పూర్వవిద్యార్థులు 2008లో తిరిగి కూడి, తొంభైరెండేండ్ల గురువు ఎదుట వాయించినారు. ఆయన ఆ సంవత్సరమే కన్నుమూసినారు. ఈ రెండవ ఉదాహరణలో సేకరణ వలన పాట దాని యజమానులకు తిరిగి చేరినది. అన్ని సందర్భాలలో అట్లా జరగదు. అపురూపమని తెలిసిన వెంటనే ధర పెరుగుతుంది. పెరిగిన ధరకు ఆ బడివారే కొనలేని పరిస్థితి కలుగుతుంది. సేకర్తల అత్యుత్సాహాన్ని నేను మెచ్చుకొంటాను గాని, ఒక్క ప్రతిని కొని, ఎవరికీ వినిపించకుండా దాచి, దుర్లభమని చెప్పుకొనేవారిని సేకర్తలనడానికి నాకు మనస్కరించదు.

ఇక మన సంగతి. భారతదేశంలో రికార్డుల తయారీ చాలాకాలం దాదాపు ఒకే చేతిలో ఉన్నది. గ్రామఫోను కంపెనీవారు 1908లో కలకత్తా సియాల్దాలో, 1928లో డమ్‌డమ్‌లో కర్మాగారాలు పెట్టినారు. హిజ్ మాస్టర్స్ వాయిస్, కొలంబియా, ఓడియన్ అని లేబుళ్ళు వేరైనా 1931 తరువాత వెనుక ఉన్న సంస్థ ఒకటే. ఊరిలో టేపు పట్టి, పక్క ఊరిలో వంద ప్రతులు ఒత్తించుకొనే చిన్న కర్మాగారాల వ్యవస్థ ఇక్కడ ఏర్పడలేదు. ఏ పాట రికార్డు కావలెనో అమ్మకపు లెక్క నిర్ణయించినది. ఆ లెక్కలో కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం నిలిచినది, బందా కనకలింగేశ్వరరావు పద్యం నిలిచినది. అది మన అదృష్టమే. మద్రాసులో వి. ఎ. కె. రంగారావుగారు వేలకొలది రికార్డులను సేకరించి, వాటి వివరాలను గురించి జీవితమంతా వ్రాసిన కారణాన ఆ సంపదకు తెలుగులో ఒక శాస్త్రమే ఏర్పడినది. కాని సేకర్త ఎంత గొప్పవాడైనా పుట్టిన రికార్డునే సేకరించగలడు.

మరి మన పిల్లలు పాడలేదా? పాడినారు, లక్షలమంది విన్నారు కూడా. రేడియో అన్నయ్య, అక్కయ్య అని ఆంధ్రదేశమంతా పిలుచుకొన్న న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మొదట మద్రాసు, తరువాత హైదరాబాదు ఆకాశవాణి కేంద్రాలలో నడిపిన బాలల కార్యక్రమాలు ఎన్ని గొంతులను మైకు ముందుకు తెచ్చినవో లెక్కలేదు. 1945లో వారు ‘బాల’ పత్రికను కూడా స్థాపించినారు. పత్రిక ప్రతులు గ్రంథాలయాలలో చూడవచ్చును. గొంతుల సంగతి వేరు. రేడియోలో టేపు ఖరీదైన వస్తువు. ఒకదానిని తుడిచి మరొకటి పట్టడం ఇక్కడనే కాదు, బి.బి.సి.లో కూడా నిత్యకృత్యంగా ఉండేది. టేపుకు, రికార్డుకు ఉన్న భేదం ఇదే. టేపు పలక వంటిది, తుడిచి వ్రాయవచ్చును. రికార్డు శాసనం వంటిది, పగలగొట్టవచ్చును గాని తుడవలేము.

అంగడితో పని లేని రికార్డులు మనకు బొత్తిగా లేవనడానికి వీలు లేదు. జార్జి గ్రియర్సన్ భారతీయ భాషా సర్వేక్షణకు అనుబంధంగా 1913–1929 మధ్య ప్రభుత్వాలు ఆయా భాషలవారిచేత మాట్లాడించి, పాడించి గ్రామఫోను రికార్డులు చేయించినవి. బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథ వాటిలో ముఖ్యపాఠం; తెలుగు కూడా ఆ భాషలలో ఒకటి. చికాగో విశ్వవిద్యాలయంవారి అంతర్జాల గ్రంథాలయంలో వాటిని నేడు ఎవరైనా వినవచ్చును. నూరేండ్ల నాటి తెలుగు ఎట్లా ఉండినదో గిడుగువారి వాదప్రతివాదాలలో చదివినవారు ఒకసారి చెవితో కూడా వినడం అవసరం. దొరతనంవారు తమ ఉద్యోగుల శిక్షణ కోసం చేయించిన పని మనకు ఈ విధంగా ఉపకరించినది.

రచయితలకు దీనితో ఏమి పని అని అడగవచ్చును. ఒక్క విషయం మనవి చేస్తాను. గురజాడ ‘దేశభక్తి’ గీతం ముత్యాలసరంలో ఉన్నది. మూడు, నాలుగు మాత్రల కూడికతో సాగే మిశ్రగతి అది. ఛందోగ్రంథాలలో ఇంతే వ్రాస్తాము. బడిలో ప్రార్థనా సమయాన డ్రిల్లు అడుగుకు అనుగుణంగా రెండువందల మంది పిల్లలు దానిని పాడుతూ ఉంటే మూడు మాత్రల గణం నాలుగుగా సాగి, నడక చతురశ్రంలోకి జారడం నేను నా చదువు రోజులలో విన్నాను. ఒక ప్రసిద్ధ కవిత ప్రజలనోట ఏ గతిలో బ్రతికినదో, విజయనగరంలో ఒకరీతిగాను, వరంగల్లులో ఒకరీతిగాను పాడినారేమో తేల్చవలెనంటే అచ్చుప్రతి సాక్ష్యం చాలదు. 1965 నాటి ఒక హైస్కూలు వార్షికోత్సవపు రికార్డు ఉంటే పది నిమిషాలలో తేలిపోయే ప్రశ్న ఇది. కృష్ణశాస్త్రి ‘జయ జయ జయ ప్రియభారత’ విషయంలోను ఇట్లాగే అడగవచ్చును.

పేర్ల సంగతి ఇంకొకటి. దేశంలోని బడులన్నిటిలో పలికే ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతిజ్ఞను 1962లో విశాఖపట్టణంలో ఖజానా అధికారిగా ఉండి వ్రాసినవారు పైడిమర్రి వేంకట సుబ్బారావు. పాఠ్యపుస్తకాల మొదటి పేజీలో ఆ ప్రతిజ్ఞ దశాబ్దాల పాటు కర్త పేరు లేకుండానే అచ్చయినది. బడి అనేది పేర్లను మింగివేసే చోటు. నాకు దొరికిన ఆంగ్ల రికార్డు అట్టమీద ముప్పైమంది పేర్లు, పియానో వాయించినవారి పేరు, పాట కూర్చిన ఉపాధ్యాయుని పేరు ఉండడం చూచి నాకు ముందుగా తోచినది ఈ ప్రతిజ్ఞ.

కరోల్ బాగ్‌ను ఆనుకొని ఉన్న ప్రసాద్ నగర్‌లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీవారి పాఠశాల ఉన్నది. రాజధానిలోని తెలుగు పిల్లల చదువు కోసం దుర్గాబాయి 1948లో ఆ సంఘాన్ని స్థాపించినారు. మాతృభాషకు పదిహేనువందల కిలోమీటర్ల దూరాన, వీధిలో హిందీ పంజాబీల నడుమ పెరిగిన పిల్లల తెలుగు ప్రత్యేకమైనది. వారు పద్యం చదివితే ప్రాస సరిగా పడుతుంది గాని, ‘ళ’కారం ‘ల’ వైపు జారుతుంది, పదాంతపు అచ్చు తేలిపోతుంది. నేడు పెద్దవారైన అటువంటివారి మాటలో ఇప్పటికీ ఆ జాడ వినబడుతుంది. ప్రవాసాంధ్రుల కథలు వ్రాసేవారు ఆ యాసను ఊహించి వ్రాస్తున్నారు. ఎక్కువమంది తప్పుగానే ఊహిస్తున్నారు. ఆ ఇళ్ళలో స్పూలు టేపులు, తరువాతి కాలపు క్యాసెట్లు అటకల మీద ఉండే అవకాశం ఉన్నది. మనకు రికార్డు లేని లోటును కొంతవరకు తీర్చగలిగినవి అవే. తెలుగువారిలో ఈ వస్తువును సేకరించదలచినవారు పాత సామానుల అంగడికంటె ముందు పదవీవిరమణ చేసిన సంగీతోపాధ్యాయుల ఇండ్లకు వెళ్ళవలె.

దొరికినప్పుడు చేయవలసిన పనులలో చేయకూడనివే ఎక్కువ. 78 చుట్ల లక్క రికార్డును స్పిరిటుతో తుడవరాదు, లక్క కరిగిపోతుంది. దానిని లాంగ్ ప్లే ముల్లుతో వాయించరాదు. సన్నని ముల్లు వెడల్పైన గాడి అడుగున దుమ్ములో దొర్లి గరగర తప్ప వినిపించదు. రికార్డులను పడుకోబెట్టి దొంతులుగా పేర్చరాదు, నిలువుగా నిలపవలె. అల్యూమినియం మీద పూత వేసి నేరుగా చెక్కిన రికార్డైతే ప్రతిసారి వాయించినప్పుడూ కొంత నశిస్తుంది, పూత ఊరకే ఉన్నా పెచ్చులు లేస్తుంది. కాబట్టి మొదటిసారి వాయించేటప్పుడే ప్రతి తీసుకోవలె. లేబుల్ దగ్గర నున్నని భాగంలో చేతితో గీసిన అంకెలు ఉంటవి. అచ్చు ఎక్కడ తయారైనదో, ఎప్పుడు తయారైనదో చాలాసార్లు అవే చెబుతవి. వాటిని అట్టమీది పేర్లతో సహా వ్రాసిపెట్టవలె. ఢిల్లీ పరిసరాలలో ఇటువంటి వాటిని శాస్త్రీయంగా భద్రపరచే చోట్లు లేకపోలేదు. గురుగ్రామ్‌లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్‌వారి సంగీత భాండాగారం 1982 నుండి ఆ పని చేస్తున్నది.

హక్కుల ప్రశ్న రచయితలకు ప్రత్యేకించి సంబంధించినది. మన 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ధ్వనిముద్రణపై హక్కు ప్రకటింపబడిన మరుసటి సంవత్సరం మొదలు అరవై ఏండ్లు ఉంటుంది. అంటే 1965లో ప్రకటింపబడిన రికార్డుపై హక్కు 2025 డిసెంబరు 31తో తీరుతుంది. తల్లిదండ్రులకు మాత్రమే పంచినది చట్టరీత్యా ‘ప్రకటన’ అవుతుందా కాదా అని న్యాయవాదులు చాలాసేపు వాదించగలరు. ఐతే రికార్డుపై హక్కు వేరు, అందులోని గీతంపై హక్కు వేరు. గీతకర్త మరణించిన మరుసటి సంవత్సరం మొదలు అరవై ఏండ్ల వరకు అది వారి వారసులది. గురజాడ 1915లో గతించినారు గనుక ఆయన పాటకు అడ్డులేదు. కృష్ణశాస్త్రి 1980లో గతించినారు; ఆయన గీతం పాడిన బడి రికార్డు ఎంత పాతదైనా, దానిని తిరిగి వెలువరించడానికి 2040 చివరివరకు అనుమతి కావలె. పాడిన పిల్లల సంగతి చట్టంలో ఇంత స్పష్టంగా లేదు. అట్టమీద పేరు ఉన్నవారిలో జీవించి ఉన్నవారు నేడు డెబ్బై ఏండ్లకు అటూ ఇటూ ఉంటారు. వారిని వెదకి, ఒకసారి వినిపించి, పేరు చెప్పవచ్చునా అని అడిగిన తరువాతనే ఆ పేర్లను అచ్చులో పెట్టవలె. నాకు దొరికిన రికార్డు విషయంలో ఆ బడికి ఉత్తరం వ్రాసినాను. సిరాగీత గల పేరు వారి పాత హాజరుపట్టీలో ఉన్నదనీ, తరువాతి చిరునామా మాత్రం లేదనీ జవాబు వచ్చినది.